హైస్కూల్ సైన్స్ ప్రయోగాలు: పుస్తకంలో చెప్పిన ఫలితం రాకపోతే ఎక్కడ వెతకాలి?

1 · ప్రశ్నార్థకం

తొమ్మిది, పది తరగతుల సైన్స్ ప్రయోగాల గురించి ఒకచోట వివరంగా రాసిపెట్టుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. పాఠ్యపుస్తకంలో ప్రయోగం ఐదారు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఇది తీసుకోండి, అది కలపండి, ఇలా అవుతుంది, అంతే. చేసి చూస్తే చాలాసార్లు అలా అవదు. ఆకు నల్లబడదు. నీటి విద్యుద్విశ్లేషణలో ఆక్సిజన్ హైడ్రోజన్‌లో సగం కంటే తక్కువ వస్తుంది. లోలకంతో కట్టిన గురుత్వ త్వరణం 10.8 అని తేలుతుంది. వెంటనే పిల్లలు పుస్తకంలోని విలువే రికార్డులో ఎక్కించేస్తారు. కారణం రాయమంటే "మానవ దోషం" అని రెండు మాటలు రాసి ఊరుకుంటారు.

తప్పిన ఫలితానికి సరైన కారణం పట్టుకోవడం కంటే పెద్ద పాఠం హైస్కూల్ సైన్స్‌లో లేదని నా అభిప్రాయం. తెలిసినవాళ్లు ఒక్కో ప్రయోగం తీసుకుని కొలతలతో సహా రాయండి. ఏది తప్పుతుందో, ఎందుకు తప్పుతుందో, ఎంత తప్పుతుందో కూడా చెప్పండి.

2 · పత్రహరితం

ఆకులో పిండిపదార్థం పరీక్షతో మొదలుపెడతాను. ఇందులో అడుగులు ఎక్కువ. ప్రతి అడుగూ తర్వాతి దాన్ని చెడగొట్టగలదు.

మొక్కను కుండీతో సహా పూర్తి చీకట్లో పెట్టాలి. 24 గంటలు చాలంటారు గానీ 48 అయితే నిశ్చింత. ఆ సమయంలో ఆకులో నిల్వ ఉన్న పిండి చక్కెరగా మారుతుంది. కొంత శ్వాసక్రియకు ఖర్చవుతుంది, మిగతాది వేరే భాగాలకు వెళ్లిపోతుంది. చీకట్లోంచి బయటికి తీయగానే ఒక ఆకు కోసి పరీక్షించండి. అది నల్లబడితే మొక్క ఇంకా సిద్ధం కానట్టే. చాలామంది వదిలేసేది ఈ ఒక్క ఆకునే. అది లేకపోతే, చివర్లో కనబడే పిండి ఇవాళ్టిదో మొన్నటిదో చెప్పే దారి లేదు.

తర్వాత వేరే ఆకుకు నల్ల కాగితం పట్టీ పెట్టి క్లిప్పుతో బిగించి, 4 నుంచి 6 గంటలు మంచి ఎండలో ఉంచాలి. కాగితం ఆకుకు రెండు వైపులా ఉండాలి. పైన మాత్రమే పెడితే కింది నుంచి వెలుతురు చేరి గీత చెదిరిపోతుంది.

ఆకు కోశాక, మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి. వేడికి కణత్వచాలు చెడిపోయి లోపలికి ద్రవాలు వెళ్లే దారి ఏర్పడుతుంది, ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, ఉన్న పిండి ఉన్నట్టే నిలుస్తుంది. ఆపైన ఆకును స్పిరిట్ పోసిన పరీక్షనాళికలో ముంచి, ఆ నాళికను వేడి నీళ్ల బీకరులో నిలబెట్టాలి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: స్పిరిట్ పెట్టే ముందే బర్నర్ ఆర్పేయండి. ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, దాని ఆవిరి మంట తగిలితే భగ్గుమంటుంది. అప్పుడే మరిగించి దించిన నీళ్ల వేడి ఈ పనికి సరిపోతుంది.

పత్రహరితం అంతా స్పిరిట్‌లోకి దిగి ఆకు పాలిపోయేదాకా ఆగాలి. తీసేసరికి ఆకు పెళుసుగా ఉంటుంది, విప్పబోతే విరుగుతుంది. ఒకసారి వేడి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. తెల్లటి పలక మీద పరిచి, చల్లారాక అయోడిన్ చుక్కలు వేయాలి.

3 · కొత్తపేజీ

ఇవన్నీ చేసినా ఆకు గోధుమ రంగు దగ్గరే ఆగిపోతే? మొక్క ఎంపికలో తేడా ఉంటుందా, అయోడిన్‌లోనా?

4 · పత్రహరితం

రెండింటిలోనూ ఉండొచ్చు.

పలుచని మెత్తటి ఆకు కావాలి. మందార, చిక్కుడు, జెరేనియం బాగా పనిచేస్తాయి. మైనం పూతలా మెరిసే మందమైన ఆకుల్లోకి ద్రవాలు సులువుగా దిగవు. ఉల్లి లాంటి కొన్ని మొక్కలు ఆకుల్లో పిండికి బదులు చక్కెరల రూపంలో నిల్వ చేసుకుంటాయి. వాటితో ఎంత జాగ్రత్తగా చేసినా నీలిరంగు రాదు, అక్కడ కిరణజన్య సంయోగక్రియ జరగలేదని అర్థం కాదు.

అయోడిన్ విషయానికొస్తే, అది నీళ్లలో దాదాపు కరగదు. ముందు కొద్దిపాటి నీళ్లలో 2 గ్రాముల పొటాషియం అయొడైడ్ కరిగించి, అందులో 1 గ్రాము అయోడిన్ వేసి పూర్తిగా కరిగేదాకా కలిపి, అప్పుడు నీళ్లతో 100 మి.లీ. చేయాలి. మొదటే 100 మి.లీ. నీళ్లు పోసేస్తే అయోడిన్ ముక్కలు అడుగున అలాగే ఉండిపోతాయి, పైనున్నది రంగునీళ్లే. ఆకు మీద వేసేటప్పుడు దీన్ని మూడు నాలుగు రెట్లు పలచన చేసుకోవాలి. చిక్కగా వేస్తే ఆకంతా ముదురు గోధుమ రంగుకు తిరిగి, పిండి ఉందని భ్రమ కలిగిస్తుంది. అనుమానం ఉంటే ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి, నీలమో గోధుమో తెలిసిపోతుంది.

ఇంకొకటి. వేడిగా ఉన్న ఆకు మీద అయోడిన్ వేస్తే నీలిరంగు నిలవదు. పిండి-అయోడిన్ కలయిక వేడికి విడిపోతుంది, చల్లారితే మళ్లీ ఏర్పడుతుంది. "రంగు రాలేదు" అని ఆకు పారేసే ముందు ఒక నిమిషం ఆగండి.

5 · అర్ధపత్రం

నల్ల కాగితం ప్రయోగం చెప్పేది ఒక్కటే, పిండి తయారీకి వెలుతురు కావాలని. పత్రహరితం కావాలని చూపడానికి తెలుపు-ఆకుపచ్చ మచ్చలున్న ఆకు వాడాలి, దాన్ని మరిగించక ముందే మచ్చల బొమ్మ కాగితం మీద గీసుకోవాలి. స్పిరిట్‌లోంచి తీశాక ఎక్కడ ఏ రంగు ఉండేదో ఆకు చెప్పదు.

కార్బన్ డయాక్సైడ్ అవసరాన్ని చూపే అర్ధపత్ర ప్రయోగం చాలామంది రెండు సీసాలతో, రెండు ఆకులతో చేస్తారు. ఒకే ఆకులో సగం సీసాలో, సగం బయట ఉంచడమే అసలు పద్ధతి. నీళ్లు, వయసు, ఎండ అన్నీ సమానంగా ఉండి ఒక్క గాలి మాత్రమే మారుతుంది. సీసా మూతికి పెట్టే బెండును నిలువునా చీల్చి మధ్యలో ఆకు పెట్టి, చీలిక పొడవునా వేజలిన్ పూయాలి. గాలి దూరితే లోపలి సగంలోనూ పిండి కనబడుతుంది. సీసా అడుగున ఉండే, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఆకుకు తగలకూడదు. అది చర్మాన్ని కాల్చే పదార్థం, ఆకునూ చంపేస్తుంది. చచ్చిన ఆకులో పిండి లేకపోతే దానికి కారణం కార్బన్ డయాక్సైడ్ లేకపోవడం అనలేం కదా.

6 · కాథోడ్

ఆక్సిజన్ తక్కువ రావడం గురించి ప్రశ్నార్థకం గారు అడిగారు. నీటి విద్యుద్విశ్లేషణలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఘనపరిమాణాలు 2:1 నిష్పత్తిలో రావాలి. నాళికల్లో చూస్తే హైడ్రోజన్ 10 మి.లీ. చేరేసరికి ఆక్సిజన్ 4 దగ్గరో ఇంకా కిందో ఉంటుంది. దీనికి రెండు కారణాలు, రెండూ ఆక్సిజన్‌నే తగ్గిస్తాయి.

మొదటిది, ఘనపరిమాణం లెక్కన ఆక్సిజన్ నీళ్లలో హైడ్రోజన్ కంటే ఒకటిన్నర రెట్లకు పైగా కరుగుతుంది. మొదట పుట్టిన ఆక్సిజన్‌లో కొంత భాగం నాళిక పైకి చేరకుండా నీళ్లలోనే ఉండిపోతుంది. రెండోది, కార్బన్ కడ్డీలు వాడితే ఆనోడ్ (ధన ఎలక్ట్రోడ్) దగ్గర పుట్టిన ఆక్సిజన్‌లో కొంత కార్బన్‌తోనే కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆనోడ్ కింద సన్నటి నల్లపొడి రాలడం కనబడితే కడ్డీ అరుగుతోందన్నమాట.

మొదటిదానికి మందు సులువు. ఓ పది నిమిషాలు కరెంటు నడిపి, వచ్చిన వాయువుల్ని వదిలేసి, పాత్రలోని అదే ద్రావణంతో నాళికల్ని మళ్లీ నింపి అప్పుడు కొలవడం మొదలుపెట్టాలి. ఆపాటికి నీళ్లు వాయువులతో చాలావరకు నిండి ఉంటాయి. రెండోదానికి ప్లాటినం తప్ప పూర్తి పరిష్కారం లేదు. కరెంటు తక్కువగా పెట్టి, నష్టం జరుగుతోందని తెలిసి లెక్కలోకి తీసుకోవాలి.

ఇక అసలు బుడగలే రాకపోతే: శుద్ధమైన నీరు కరెంటును సరిగా పోనివ్వదు, కొన్ని చుక్కల సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేయాలి. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 ఓల్టులు కావాలి. ఆచరణలో ఎలక్ట్రోడ్ల దగ్గర అదనంగా ఖర్చవుతుంది కాబట్టి ఒకే 1.5 ఓల్టుల సెల్‌తో పని జరగదు. 6 లేదా 9 ఓల్టులు పెట్టండి.

7 · కొత్తపేజీ

ఆమ్లం బదులు ఉప్పు వేస్తే? కరెంటు బాగానే పోతుంది కదా.

8 · కాథోడ్

పోతుంది. కానీ అప్పుడు మీరు చేసేది వేరే ప్రయోగం. ఉప్పు నీళ్లలో ఆనోడ్ దగ్గర ఆక్సిజన్‌కు బదులు ఎక్కువగా క్లోరిన్ వస్తుంది. అది విషవాయువు, తలుపులు మూసిన గదిలో అస్సలు చేయకూడదు. పైగా క్లోరిన్ నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి ఆ నాళికలో ఏమీ చేరనట్టు కనిపించి నిష్పత్తి పూర్తిగా తారుమారవుతుంది.

అలాగే రాగి తీగల్ని ఎలక్ట్రోడ్లుగా పెట్టకండి. ఆనోడ్ తీగ తానే కరిగి ద్రావణానికి నీలిరంగు తెస్తుంది, అక్కడ ఆక్సిజన్ దాదాపు రాదు. ఫలితం విచిత్రంగా ఉంటే ముందు ద్రావణం రంగు చూడాలి.

వాయువుల్ని పరీక్షించేటప్పుడు, హైడ్రోజన్‌కు మండుతున్న పుల్ల దగ్గర పెడితే టప్‌మని శబ్దం వస్తుంది. ఆక్సిజన్‌కు మంట ఆర్పి నిప్పు మాత్రం మిగిలిన పుల్ల పెట్టాలి, అది తిరిగి మండుతుంది. ఆక్సిజన్ నాళికకు మండే పుల్ల పెడితే మంట కాస్త పెరుగుతుందంతే, తేడా తెలియదు.

9 · డోలనం

లోలకం సంగతి. 10.8 ఎక్కడి నుంచి వస్తుందో కచ్చితంగా చెప్పొచ్చు.

1 మీటరు లోలకం ఒక డోలనానికి 2.006 సెకన్లు తీసుకుంటుంది, 20 డోలనాలకు 40.1 సెకన్లు. గుండును వదులుతూ "ఒకటి" అని మొదలుపెట్టి "ఇరవై" దగ్గర గడియారం ఆపితే, నిజానికి జరిగినవి 19 డోలనాలు. గడియారం 38.1 చూపిస్తుంది. దాన్ని 20తో భాగిస్తే ఆవర్తన కాలం 1.906. గురుత్వ త్వరణం లెక్కలో ఆవర్తన కాలం వర్గం హారంలో ఉంటుంది కాబట్టి 5 శాతం తప్పు 10 శాతం పైగా అవుతుంది, జవాబు 10.87. గుండు మధ్యబిందువు దాటేటప్పుడు "సున్నా" అని మొదలుపెట్టాలి. చివరి బిందువు దగ్గర గుండు నెమ్మదించి ఆగుతుంది, అక్కడ ఏ క్షణంలో నొక్కాలో కంటికి తెలియదు. మధ్యలో వేగం ఎక్కువ, క్షణం స్పష్టంగా దొరుకుతుంది.

20 ఎందుకు, ఒక్క డోలనం కొలిస్తే చాలదా అంటారు. గడియారం నొక్కడంలో మనిషికి 0.2 సెకన్ల దాకా తేడా వస్తుందనుకుందాం. 2 సెకన్లలో అది 10 శాతం, 40 సెకన్లలో సగం శాతం.

కోణం చిన్నదిగా ఉండాలని పుస్తకం చెబుతుంది గానీ ఎంత చిన్నదో, దాటితే ఏమవుతుందో చెప్పదు. పది డిగ్రీల దగ్గర ఆవర్తన కాలం 0.2 శాతం పెరుగుతుంది, 20 దగ్గర 0.8, 45 దగ్గర 4 శాతం. 15 లోపు ఉంచితే స్కూలు గడియారంతో ఆ తేడా పట్టుబడదు.

10 · నిక్రోమ్

డోలనం గారు చెప్పినదానికి పొడవు విషయం చేరుస్తాను. పొడవును దారం కట్టిన చోటు నుంచి గుండు కేంద్రం దాకా కొలవాలి. కొక్కెం దాకానే కొలిస్తే ప్రతి కొలతలోనూ ఒకే పరిమాణం, ఓ సెంటీమీటరో ఒకటిన్నరో, తగ్గుతుంది. ఐదు పొడవులకు విడివిడిగా లెక్కకట్టి సగటు తీస్తే ఆ తప్పు సగటులో కూర్చుని ఉంటుంది. అదే ఆవర్తన కాలం వర్గాన్ని నిలువు అక్షం మీద, పొడవును అడ్డ అక్షం మీద గీసి వాలు తీస్తే ఆ తప్పు వాలులోకి రాదు. గీత మూలబిందువు గుండా పోకుండా కాస్త పక్కకు జరుగుతుంది, అంతే.

ఓమ్ నియమంలోనూ ఇదే సంగతి, అక్కడ ఇంకా తేటగా కనబడుతుంది. 5 ఓంల తీగ ఉందనుకోండి. అమ్మీటరు ముల్లు కరెంటు లేనప్పుడు కూడా 0.02 ఆంపియర్ల దగ్గర ఉంది. కొలతలు ఇలా వస్తాయి:

0.5 ఓల్టు, 0.12 ఆంపియర్, భాగిస్తే 4.17
1.0 ఓల్టు, 0.22 ఆంపియర్, భాగిస్తే 4.55
1.5 ఓల్టు, 0.32 ఆంపియర్, భాగిస్తే 4.69
2.0 ఓల్టు, 0.42 ఆంపియర్, భాగిస్తే 4.76

సగటు 4.54. నిరోధం ఓల్టేజితో పాటు పెరుగుతున్నట్టు కూడా కనిపిస్తోంది, ఓమ్ నియమమే తప్పేమో అనిపించేలా. ఇప్పుడు వాలు చూడండి: 2.0 నుంచి 0.5 తీసేస్తే 1.5, 0.42 నుంచి 0.12 తీసేస్తే 0.30. వాలు సరిగ్గా 5.0 ఓంలు. గ్రాఫు గీయమనేది రికార్డులో పేజీ నింపడానికని పిల్లలు అనుకుంటారు. మీటరులో దాగిన దోషాన్ని విడదీసే పనిముట్టు అదే.

అమరికలో జాగ్రత్తలు: అమ్మీటరు శ్రేణిలో, ఓల్టుమీటరు తీగ రెండు కొసలకు సమాంతరంగా. అమ్మీటరును సమాంతరంగా కలిపితే దాని నిరోధం చాలా తక్కువ కాబట్టి కరెంటంతా దాంట్లోంచే పోయి కాలిపోవచ్చు. ఓల్టుమీటరును శ్రేణిలో కలిపితే ఏమీ పాడవదు గానీ కరెంటు దాదాపు ఆగిపోతుంది, అమ్మీటరు సున్నా చూపిస్తుంది. తీగ కొసల్ని గరుకు కాగితంతో రుద్దండి. తాళం చెవి కొలిచేటప్పుడే పెట్టి వెంటనే తీసేయాలి, లేకపోతే తీగ వేడెక్కుతుంది, సెల్ కూడా నీరసిస్తుంది.

11 · వెలుగునీడ

ఓమ్ నియమం ప్రయోగానికి నిక్రోమ్ తీగ (నిరోధం ఎక్కువుండే మిశ్రలోహపు తీగ) దొరక్కపోతే టార్చి బల్బు పెట్టి చేస్తుంటారు. గీత వంకరగా వస్తుంది.

12 · నిక్రోమ్

రావాలి కూడా. బల్బు తంతువు వెలిగేటప్పుడు రెండు వేల డిగ్రీలు దాటుతుంది, దాని నిరోధం చల్లగా ఉన్నప్పటికంటే దాదాపు పది రెట్లు అవుతుంది. ఓమ్ నియమానికి ఉష్ణోగ్రత స్థిరంగా ఉండాలన్న షరతు ఉంది, పిల్లలు నిర్వచనంలో ఆ ముక్క చదివేసి మర్చిపోతారు. బల్బు గ్రాఫు పక్కన తీగ గ్రాఫు పెడితే ఆ షరతు ఎందుకుందో కళ్లకు కడుతుంది. నన్నడిగితే రెండూ చేయించాలి.

13 · తెరమీద

నేను కాస్త వేరే మాట చెబుతాను. ఇవన్నీ కంప్యూటరు సిమ్యులేషన్‌లో నిమిషంలో కచ్చితంగా వస్తాయి. నలభై మంది పిల్లలకు రెండు బ్యూరెట్లున్న (ద్రవాన్ని కొలిచి చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టాలు) చోట అది నయం కాదా? అందరూ కనీసం ఒకసారి చేసినట్టుంటుంది. ప్రమాదం కూడా లేదు.

14 · డోలనం

భావన అర్థం కావడానికి సిమ్యులేషన్ మంచిదే, ముఖ్యంగా కంటికి కనిపించనివాటికి: అణువుల చలనం, అయాన్లు ఎటు పోతున్నాయి వగైరా. ప్రయోగానికి బదులుగా పెడితే మాత్రం నష్టం. సిమ్యులేషన్‌లోని అమ్మీటరుకు శూన్య దోషం ఉండదు, లెక్కపెట్టడంలో 19, 20 గొడవ రాదు. పైన చర్చించినవన్నీ అందులోంచి ముందే తీసేసి ఉంటాయి.

సామాను తక్కువ ఉన్నచోట లోలకం ముందు పెట్టండి. దారం, చిన్న బరువు, సెకన్లు చూపే గడియారం చాలు, నలభై మందీ చేతులతో చేయొచ్చు. బ్యూరెట్ పని నలుగురైదుగురు చొప్పున వంతులవారీగా చేయించొచ్చు.

15 · వెలుగునీడ

కుంభాకార కటకం గురించి రాస్తాను.

మొదట దూరంగా ఉన్న చెట్టునో భవనాన్నో తెర మీదికి తెచ్చి నాభ్యంతరం (అప్పుడు కటకం నుంచి ఆ స్పష్టమైన బొమ్మకున్న దూరం) సుమారుగా తెలుసుకోండి. ఇది చేయకుండా బెంచి మీద మొదలుపెడితే చీకట్లో తడుముకున్నట్టే, ఎందుకంటే వస్తువుకూ తెరకూ మధ్య దూరం నాభ్యంతరానికి 4 రెట్లు లేకపోతే కటకాన్ని ఎక్కడ పెట్టినా స్పష్టమైన ప్రతిబింబం రాదు. 10 సెం.మీ. కటకంతో వస్తువునూ తెరనూ 35 సెం.మీ. దూరంలో పెట్టి గంటసేపు జరిపినా లాభం లేదు.

వస్తుదూరం ఎంత తీసుకోవాలన్నది కూడా ముఖ్యమే. అదే 10 సెం.మీ. కటకానికి వస్తువును 20 దగ్గర పెడితే ప్రతిబింబం 20 దగ్గర. వస్తువు 2 మి.మీ. అటు జరిగితే ప్రతిబింబం సుమారు 2 మి.మీ. ఇటు జరుగుతుంది. వస్తువును 12 దగ్గర పెడితే ప్రతిబింబం 60 దగ్గర. ఇప్పుడు వస్తువును 12.2కు జరిపితే ప్రతిబింబం 55.5కు వచ్చేస్తుంది. రెండు మిల్లీమీటర్లకు నాలుగున్నర సెంటీమీటర్లు! పైగా ఆ ప్రతిబింబం పెద్దదై మసకగా ఉంటుంది, ఎక్కడ స్పష్టంగా ఉందో తేల్చుకోవడమే కష్టం. కాబట్టి నాభికి దగ్గరగా ఒకటి రెండు కొలతలు చాలు, మిగతావి 15 నుంచి 30 మధ్య తీసుకోండి.

గుర్తుల తికమక వేరే. కార్టీజియన్ సంప్రదాయంలో వస్తుదూరం రుణాత్మకం. ప్రతిబింబ దూరం 30, వస్తుదూరం రుణ 15 అయితే, 30లో ఒకటో వంతు నుంచి రుణ 15లో ఒకటో వంతు తీసేయాలి. అంటే రెండూ కలుస్తాయి, నాభ్యంతరం 10. రుణ గుర్తు మర్చిపోతే రుణ 30 వస్తుంది, కుంభాకార కటకానికి రుణ నాభ్యంతరం రావడమే తప్పు జరిగిందని చెప్పే గుర్తు. కొన్ని పుస్తకాలు నిజ దూరాలన్నీ ధనాత్మకం అంటాయి. అదీ సరైనదే, రెండు పద్ధతుల్నీ ఒకే లెక్కలో కలపకూడదు, అంతే.

కొవ్వొత్తి కంటే, అట్టలో గాటు పెట్టి వెనక టార్చి ఉంచడం మేలు. మంట ఊగుతుంది, కొవ్వొత్తి కరిగేకొద్దీ ఎత్తు కూడా మారుతుంది.

చివర్లో కటకం సగాన్ని నల్ల కాగితంతో మూయించి ఏం కనబడుతుందో ముందే ఊహించమనండి. సగం బొమ్మే వస్తుందని చాలామంది అంటారు. మొత్తం బొమ్మే వస్తుంది, కాంతి తగ్గుతుంది. వస్తువులోని ప్రతి బిందువు నుంచీ కిరణాలు కటకం అంతటా పడతాయన్న సంగతి పటం గీసి చెప్పినదానికంటే ఇక్కడ బాగా దిగుతుంది.

16 · చివరిచుక్క

అంశమాపనం (టైట్రేషన్) ఎవరూ ఎత్తలేదు. సోడియం హైడ్రాక్సైడ్, ఆక్జాలిక్ ఆమ్లం జత తీసుకుందాం.

సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లల్ని తూచి ద్రావణం చేసి, "ఇది సరిగ్గా 0.1 మోలార్" అని నమ్మకూడదు. తూస్తుండగానే అవి గాల్లోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటాయి. ఆక్జాలిక్ ఆమ్లం స్ఫటికాలకు ఆ గొడవ లేదు. వాటి మోలార్ ద్రవ్యరాశి 126. 250 మి.లీ. 0.05 మోలార్ ద్రావణానికి 1.575 గ్రాములు చాలు. ఆక్జాలిక్ ఆమ్లపు ఒక మోల్‌కు క్షారం రెండు మోల్స్ కావాలి, కాబట్టి ఈ ద్రావణం 20 మి.లీ.కు 0.1 మోలార్ క్షారం 20 మి.లీ. పట్టాలి.

కడగడంలోనే సగం తప్పులు జరుగుతాయి. బ్యూరెట్‌ను నీళ్లతో కడిగాక, అందులో నింపబోయే ద్రావణంతోనే మరోసారి కడగాలి. పిపెట్ కూడా అంతే. లోపల మిగిలిన నీటి చుక్కలు ద్రావణాన్ని పలచన చేస్తాయి. శాంకవ కుప్పెను మాత్రం స్వేదనజలంతోనే కడగాలి, ద్రావణంతో కడగకూడదు. దాంట్లోకి ఎంత ఆమ్లం పోవాలో పిపెట్ ఇప్పటికే నిర్ణయించింది, లోపల నీళ్లున్నా మోల్స్ మారవు. ఆమ్లంతో కడిగితే గోడలకు అంటిన ఆమ్లం లెక్కకు అదనంగా చేరుతుంది.

బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉందేమో చూడండి. కొలత మధ్యలో 0.3 మి.లీ. బుడగ బయటికి పోతే 20 మి.లీ.లో 1.5 శాతం తప్పు. గరాటు తీసేయడం మర్చిపోతే దాంట్లోంచి జారే చుక్క కూడా లెక్క చెడగొడుతుంది. పిపెట్ చివర మిగిలే చుక్కను ఊదకూడదు, కుప్పె గోడకు ముక్కు ఆనించి వదిలేయాలి. ఆ చుక్కను వదిలేసే పిపెట్‌పై కొలత గుర్తించారు.

సూచిక ఫినాఫ్తలీన్, రెండు మూడు చుక్కలు. ఆక్జాలిక్ బలహీన ఆమ్లం కాబట్టి మిథైల్ ఆరెంజ్ పనికిరాదు, ముందే రంగు మారుతుంది. కుప్పె కింద తెల్ల కాగితం ఉంచి, 30 సెకన్లు నిలిచే లేత గులాబీ రంగు దగ్గర ఆపాలి. ముదురు గులాబీ అందంగా ఉంటుంది గానీ అది దాటిపోయిన స్థితి. ఆ తర్వాత కొన్ని నిమిషాలకు రంగు దానంతటదే పోతే కంగారు పడి మళ్లీ చుక్కలు వేయకండి, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ చేస్తున్న పని అది.

మొదటిసారి తీసినది ఉజ్జాయింపు కొలత, దాన్ని సగటులో కలపొద్దు. ఒకదానికొకటి 0.1 మి.లీ. లోపు తేడాతో రెండు మూడు వచ్చేదాకా చేయాలి.

17 · ప్రశ్నార్థకం

అందరికీ ధన్యవాదాలు. ఒక ముఖ్యమైన సంగతి మిగిలింది. ఇన్ని కారణాలు తెలిశాక రికార్డులో "దోషాలు" అన్న శీర్షిక కింద ఏం రాయించాలి? పిల్లలు ఈ జాబితా అంతా ఎక్కించేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

18 · డోలనం

కారణం రాసినప్పుడు దాని దిశ కూడా రాయాలని నియమం పెట్టండి. విలువను పెంచుతుందా, తగ్గిస్తుందా? సుమారు ఎంత?

ఉదాహరణకు లోలకంలో 10.87 వచ్చినవాళ్లు "గాలి నిరోధం వల్ల" అని రాస్తారు. గాలి ప్రభావం ఆవర్తన కాలాన్ని రవ్వంత పెంచుతుంది, అప్పుడు గురుత్వ త్వరణం తగ్గాలి. ఇక్కడ పెరిగింది. అంటే గాలి కారణం కాదు. కోణం ఎక్కువైందన్నా అంతే, అదీ తగ్గించేదే. పొడవు కొక్కెం దాకా కొలిచినా తగ్గుతుంది. ఈ మూడింటినీ కొట్టేస్తే, పది శాతం పెంచగలిగేది మిగిలింది లెక్కపెట్టడమొక్కటే.

19 · చివరిచుక్క

ఇదే కొలబద్దకు మెగ్నీషియం ప్రయోగం బాగా ఆనుతుంది. మూసలో (క్రూసిబుల్) 0.24 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్ వేసి కాలిస్తే 0.40 గ్రాముల ఆక్సైడ్ రావాలి. దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది. తగ్గించే కారణాలు మూడున్నాయి: మూత ఎక్కువసేపు తీసి ఉంచితే తెల్లటి పొగగా ఆక్సైడ్ బయటికి పోతుంది, మూత అసలు తీయకపోతే లోపల కాలని లోహం మిగిలిపోతుంది, కొంత మెగ్నీషియం గాల్లోని నైట్రోజన్‌తో కలిసి నైట్రైడ్ అవుతుంది, దానికి ఆక్సైడ్ కంటే బరువు తక్కువ పెరుగుతుంది.

మూడింటినీ విడదీయొచ్చు. చల్లారాక పొడిని కదిపి చూడండి, లోహపు మెరుపు కనబడితే అది కాలడం పూర్తికాలేదు. తర్వాత నాలుగు చుక్కల నీళ్లు వేయండి, ఘాటైన అమ్మోనియా వాసన వస్తే నైట్రైడ్ ఉన్నట్టు. మూస మీద ముక్కు పెట్టకుండా చేత్తో గాలి తోసుకుని చూడాలి. ఆ తడి పూర్తిగా ఆరేదాకా మళ్లీ గట్టిగా వేడిచేస్తే నైట్రైడ్ కూడా ఆక్సైడ్ అయిపోతుంది, చల్లార్చి తూయండి. రెండుసార్లు వరుసగా ఒకే బరువు వచ్చేదాకా వేడిచేసి తూయడం కొనసాగించాలి. అప్పటికీ 0.40 కంటే తక్కువ ఉంటే, పోయింది పొగలోనే.

రిబ్బన్‌ను ముందు గరుకు కాగితంతో రుద్దడం, ఖాళీ మూసను కాల్చి తడి పోగొట్టాకే తూయడం మర్చిపోవద్దు. వేడి మూసను తూకం మీద పెడితే పైకి లేచే వేడిగాలి వల్ల బరువు తక్కువ చూపిస్తుంది. కాలుతున్న రిబ్బన్ వైపు నేరుగా చూడనివ్వకండి.